కాగితం రెండో వైపు

సంచిలో తువ్వాళ్ళు అడుగున పెట్టాలా, పైన పెట్టాలా అన్న దగ్గరే పావుగంట గడిచిపోయింది.

"ఆపరేషనయ్యాక కన్ను తుడుచుకోవడానికి మెత్తటి గుడ్డ చేతికి అందేట్టుండాలి. పైనే పెట్టు," అంది కాజాలమ్మ.

"పైన పెడితే బస్సులో ఎవడో ఒకడు దాని మీద కూర్చుంటాడు. అడుగునే ఉండనీ," అంది ఇస్త్రీ వదిన. "నేను పోయేది చెల్లెలింటికి వదినా, పదిహేను రోజులకి. నువ్వు సర్దే తీరు చూస్తుంటే నన్ను ఏకంగా పైకే పంపించేస్తున్నట్టుంది."

కాజాలమ్మ నవ్వలేదు. తువ్వాళ్ళు తీసి, మడత విప్పి, మళ్ళీ అదే మడత పెట్టింది. యాభై ఏళ్ళుగా దర్జీ దుకాణంలో చొక్కాలకు కాజాలు కుట్టిన చేతులవి. సూదిని వెనకనుంచి తోసే చోట మధ్యవేలి కొన గట్టిపడి, అక్కడింకో చిన్న గోరు మొలిచినట్టు తయారయింది. కంగారు పుట్టినప్పుడల్లా బొటనవేలితో దాన్ని రుద్దుకుంటుంది. ఎవరైనా ఊరికి పోతున్నారంటే చాలు, ఆమెకు రెండు రోజుల ముందు నుంచే తిండి సయించదు. గురువారం మధ్యాహ్నం రెండింటి బస్సు రెండింటికే బయలుదేరుతుందా అని ఇప్పటికి రెండుసార్లు బస్టాండుకు వెళ్ళి అడిగి వచ్చింది. రెండోసారి కండక్టరు, "మూడింటికి బయలుదేరితే దాన్ని మూడింటి బస్సంటారమ్మా," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

వదినా అని పిలుచుకోవడమే గానీ చుట్టరికం లేదు, ఇద్దరివీ ఒకే వసారాలో పక్కపక్క గదులు. ఇస్త్రీ వదిన గదిలో సగం చోటు ఇస్త్రీ బల్లదే. దాని మీద నాలుగు మడతల కంబళి, కంబళి మీద అంచులు మాడిన తెల్ల దుప్పటి. ఆ బల్ల మీదే ఇప్పుడు సంచి నోరు తెరుచుకుని ఉంది. మందుల చీటీ, శాలువా, కొమ్ము దువ్వెన ఒక్కొక్కటే అందులోకి పోతున్నాయి. దువ్వెన పళ్ళు రెండు విరిగిపోయాయి.

"ఇంకో దువ్వెన కొనుక్కోరాదూ?" అంది కాజాలమ్మ.

"నువ్వు కొనిపెట్టిందే ఇది. ఇంకా పళ్ళున్నాయి, నాకన్నా ఎక్కువే." ఇస్త్రీ వదిన మొలనున్న తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టింది. "ఇది నీ దగ్గరుంచు. రోజూ కాసేపు కిటికీ తెరువు. లేకపోతే బొగ్గు వాసన గోడలకి పట్టేస్తుంది."

కాజాలమ్మ దాన్ని పిన్నీసుతో లోపలి జేబుకు గుచ్చుకుంది. గుచ్చాక రెండుసార్లు తడిమి చూసుకుంది. బల్ల చివరనున్న బిస్కెట్ల డబ్బా చేతిలోకి తీసుకుని, "మరి ఇదెక్కడ పెట్టను?" అని అడిగింది.

"అది సంచిలోకి కాదు. లైబ్రరీ అమ్మాయికి."

కాజాలమ్మ చేతులు ఆగిపోయాయి. డబ్బాలో ఏముందో ఆమెకు తెలుసు. సముద్రం అవతలి ఊళ్ళో కోత మిల్లులో పనికి వెళ్ళిన ఇస్త్రీ వదిన మొగుడు నలభై ఏళ్ళ కిందట రాసిన ఎనిమిది ఉత్తరాలు. మిల్లువాళ్ళు అతనికిచ్చిన నంబరు బిళ్ళ, ఇత్తడిది.

"లైబ్రరీ మేడ మీద గదిలో ఓడలెక్కినవాళ్ళ ఉత్తరాలు, సామాన్లు అన్నీ పోగుచేస్తున్నారట. గురువారం పొద్దున పదింటికి అద్దాల పెట్టెల్లో పెట్టి జనానికి చూపిస్తారట. అది చూసుకునే నేను బస్సెక్కుతా."

"అన్నీ ఇచ్చేస్తావా?"

"నాకేమన్నా పిల్లా జెల్లా? రేపు నేను పోతే ఈ డబ్బాలో ఎవడో మేకులు పోసుకుంటాడు. ఉత్తరాలు పొయ్యి కిందకు పోతాయి. దానికన్నా అద్దాల పెట్టెలో ఉంటే మీ అన్నయ్యకి మర్యాద కదా."

"పెన్సిల్ రాత కదా వదినా. వాళ్ళకేం అర్థమవుతుంది?"

"అందుకే నీ పేరు చెప్పాను. ఆ కోడిగీతలు కూడబలుక్కోవడం మా వదినకొక్కదానికే వచ్చు, దగ్గరుండి చదివిపెడుతుందన్నాను. రేపు పదింటికి నిన్ను రమ్మంది." ఇస్త్రీ వదిన తువ్వాళ్ళు లాక్కుని సంచి అడుక్కి తోసేసింది. "నాకు చదివిపెట్టిన నోరే. ఊరికి చదివిపెట్టలేదా?"

మంగళవారం లైబ్రరీ మేడ మెట్లు ఎక్కుతూ కాజాలమ్మ మూడుచోట్ల ఆగింది. గదిలో కిటికీలన్నిటికీ తెరలున్నాయి. పొడవాటి బల్ల మీద తెల్ల కాగితం పరిచి ఉంది. లైబ్రరీ అమ్మాయి ముందు ఆమె చేత చేతులు కడిగించి, తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చింది. "తడి పూర్తిగా ఆరాలండి మామ్మగారూ. ఇక్కడ పెన్ను ముట్టుకోం, పెన్సిలే. టీ కూడా కింద గదిలోనే."

ఆ పిల్ల పని చూడ ముచ్చటగా ఉంది. ఉత్తరాలకు గుచ్చి ఉన్న తుప్పు పట్టిన గుండుసూదిని లాగెయ్యకుండా, కింద పలచని రేకు దూర్చి, కాగితం చిరగకుండా కొద్దికొద్దిగా సడలించి తీసింది. మెత్తటి కుంచెతో మడతల్లోని దుమ్ము దులిపింది. పోస్టు ముద్రల మీది తేదీలు చూసి ఎనిమిదింటినీ వరసలో పెట్టింది. ఒక్కో ఉత్తరం మూలన చూసీ కనపడనట్టు పెన్సిల్‌తో నంబరు వేసింది. కాజాలమ్మ చదువుతుంటే పక్కన కూర్చుని నకలు రాసుకుంది.

మొదటి ఏడు ఉత్తరాలు చదవడానికి కాజాలమ్మకు కళ్ళద్దాలు కూడా అవసరం లేకపోయింది. మిల్లులో రంపం మోత, పొట్టు పడి ఎర్రబడ్డ కళ్ళు, పక్క మంచం వాడి గురక, ఇస్త్రీ పెట్టె పిడి బిగించుకున్నావా అన్న ప్రశ్న. అన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

"ఎంత బాగా చదువుతున్నారండీ! మీకు చదువు ఎవరు నేర్పారు?"

"పాత పేపర్లు తల్లీ. దర్జీ కొలతలకని చొక్కా చేతుల ఆకారంలో కత్తిరించి పారేసేవాడు. అవి ఏరుకుని కూడబలుక్కున్నాను. అందుకే నాకు చాలా వార్తల మొదలు తెలుసు గానీ చివర తెలియదు."

అమ్మాయి పకపకా నవ్వింది. ఎవరో ఒకరు తనను మెచ్చుకుంటున్నారన్న సంతోషంలో కాజాలమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వుతోనే ఎనిమిదో ఉత్తరం అందుకుంది. వానలు, జీతం రోజు కొనుక్కున్న బూట్లు, కొత్తగా దొరికిన గది. ఆ గదికి కిటికీ ఉంది. కిటికీలోంచి రేవు కనబడుతుంది. చివరి వరసకు వచ్చింది. "వంట్లో కులాసాగా ఉంది. నువ్వు వేళకి తిను. ఇక ఉంటాను."

అమ్మాయి పెన్సిల్ ఆగింది. "ఒక్క నిమిషమండీ. 'ఇక ఉంటాను' ఎక్కడుంది?"

కాజాలమ్మ కాగితం వైపు చూసింది. చివరి వరసలో ఆ మాట లేదు. నలభై ఏళ్ళ కిందట ఆ వసారాలో ఎక్కడ ఆపిందో, ఏ మాట కలిపి ఆపిందో, నోరు దానంతటదే అక్కడే ఆ మాటే కలిపి ఆపేసింది.

"ఇక్కడ 'నువ్వు వేళకి తిను. ఇక అసలు సంగతి' అని ఉందండీ." అమ్మాయి కాగితం అంచులు రెండు వేళ్ళతో పట్టుకుని జాగ్రత్తగా తిప్పింది. "వెనక కూడా ఉందే."

"అది చెరిగిపోయింది తల్లీ. కనపడదు."

"డబ్బాకి రాసుకుని అరిగింది. ఫరవాలేదు." అమ్మాయి లేచి తెర పూర్తిగా లాగింది. బల్లదీపాన్ని వంచి వంచి, కాగితం పక్కగా బల్లకు ఆనేంత కిందకు దించింది. వెలుతురు కాగితం మీద అడ్డంగా పాకింది. ఖాళీగా కనబడిన చోట పెన్సిల్ ఒత్తిన గాడులు నీడలతో లేచాయి. దున్నిన చేనులాగా వరసలు వరసలుగా అక్షరాలు కనబడ్డాయి. గట్టిగా ఒత్తి రాశాడు ఆ మనిషి.

"'నువ్వు ఇక్కడికి వచ్చెయ్యి,'" అని అమ్మాయి కూడబలుక్కుని చదివింది. "'టికెట్టు నీ పేరు మీద...' అయ్యో, రమ్మన్నాడాండీ ఆయన? మరి ఆవిడ వెళ్ళలేదేం?"

కాజాలమ్మ వేలి కొనను రుద్దుకుంటోంది. కడిగి ఆరబెట్టిన చేతులు మళ్ళీ తడిసిపోయాయి. బల్ల మీద పరిచిన తెల్ల కాగితానికి ఆ తడి అంటుతుందేమోనని చేతులు ఒళ్ళోకి తీసుకుంది.

"ఆవిడకి తెలియదు," అంది.

"మీరే కదండీ చదివి వినిపించింది?"

"ముందు వైపు వినిపించాను."

ఆ పిల్ల తిట్టినా బాగుండునని కాజాలమ్మకు అనిపించింది. అమ్మాయి ఆ ఉత్తరం వివరాలు రాసే ఫారం ముందుకు లాక్కుని 'రాత' అన్నచోట 'రెండు వైపులా' అని నింపింది. "గురువారం దీన్ని రెండు పక్కలా కనబడేట్టు అద్దాల మధ్య నిలబెడతాను మామ్మగారూ. నకలు పక్కన ఉంటుంది. దాచమని మాత్రం నన్నడగొద్దు. ఉన్నది ఉన్నట్టు ఉంచడమే ఇక్కడ నా పని." దీపం పైకెత్తింది. అక్షరాలు మళ్ళీ కాగితంలోకి వెళ్ళిపోయాయి. "జనం వచ్చేది పదింటికి. ఈలోగా ఆవిడకి మీ నోటితో మీరే చెబితే మంచిదండీ."

చెప్పాలనే బుధవారం పొద్దున కాజాలమ్మ వసారాలోకి వచ్చింది. ఇస్త్రీ వదిన ఊరికి వెళ్ళేలోపు ఇచ్చెయ్యాల్సిన బట్టలు ముందేసుకుని ఉంది. నోటితో నీళ్ళు చిలకరించి, చొక్కా కాలరు పరిచి, పెట్టె ఆనించింది. పెట్టెలో నిప్పులు చిటపటమన్నాయి. కంట్లో పొర వచ్చినప్పటి నుంచి ఆమె చూపుతో కాక ఎడమ అరచేత్తో ముడతలు వెతుక్కుంటోంది. చేయి ముందు పోతుంది, వెనకే పెట్టె పోతుంది. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా చేయి కాల్చుకోలేదు.

"ఏం, నిన్న అన్నీ చదివావా?" అంది తలెత్తకుండా. "రాత్రి పలకరిస్తే పలకలేదు. గొంతు పోయిందేమో అనుకున్నా."

"వదినా, ఆ ఎనిమిదో ఉత్తరం..."

"తెలుసులే."

కాజాలమ్మ గుమ్మం పట్టుకుంది. "ఏం తెలుసు?"

"నువ్వు కాగితం తిప్పలేదు." ఇస్త్రీ వదిన పెట్టెను నిలబెట్టి చొక్కా చేయి సర్దుకుంది. "అంతకుముందు ఏడింటికీ తిప్పావు. ఆ ఒక్కటీ తిప్పలేదు. నాకు అక్షరం ముక్క రాదు గానీ కాగితానికి ఎన్ని వైపులుంటాయో తెలుసు. ఎండకెదురుగా పట్టుకున్నావు కూడానూ, వెనక గీతలు ఇవతలికి కనపడుతూనే ఉన్నాయి."

"మరి అడగలేదేం?"

"నీ మొహం చూశాక ఇంకేం అడుగుతాను? తెల్లగా పాలిపోయింది. అప్పుడే అనుకున్నా, అక్కడ ఇంకోదాన్ని చేరదీశాడు, అది రాశాడు, చదవడానికి నీకు నోరు రాలేదు అని. ఆ తరవాత ఉత్తరాలు రాలేదు. ఇక అనుమానమేముంది?" పెట్టె మళ్ళీ కదిలింది. "మనం ఎన్నిసార్లు పోట్లాడుకోలేదు? కుళాయి దగ్గర జుట్లు పట్టుకోలేదూ? అప్పుడు కూడా నువ్వా మాట ఎత్తి నన్ను దెప్పలేదు. మా చెల్లెలైతే వారానికోసారి పొడిచేది. నా కోసం దాన్ని కడుపులో దాచుకున్నావు. నేనే ఏనాడూ ఒక మంచిమాట అనలేదు నిన్ను. ఇప్పుడంటున్నాను."

కాజాలమ్మ నోరు తెరిచింది. అందులోంచి వచ్చిన మాట ఆమె చెప్పదలుచుకున్నది కాదు. "అద్దంలో పెడితే రేపు అందరూ చదువుతారు కదా," అంది.

"చదువుకోనీ. సిగ్గుపడాల్సింది రాసినవాడు గానీ, మనమెందుకు పడాలి? నువ్వసలే కంగారు మనిషివి, దీనికి కూడా జడుసుకుంటావు. ఇదిగో, పట్టు." ఇస్త్రీ వదిన బల్ల కింద నుంచి ఒక జత తీసి ఇచ్చింది. కాజాలమ్మ మంచి బట్టలవి. ఎప్పుడు తీసుకెళ్ళిందో, మడతలు కత్తి అంచుల్లా తేలేట్టు ఇస్త్రీ చేసి పెట్టింది. "రేపు పదిమందిలో నా పక్కన నిలబడేదానివి, నలిగిన గుడ్డలతో వస్తావా?"

బట్టలు ఇంకా వేడిగా ఉన్నాయి. వాటిని గుండెలకు ఆనించుకుని కాజాలమ్మ తన గదిలోకి వచ్చేసింది. మంచం మీద కూర్చుంది. గోడ అవతల నుంచి పెట్టె ఆనించిన చప్పుడు, లేపిన చప్పుడు సాయంత్రం దాకా వినిపించాయి. బట్టలు మాత్రం ఎప్పుడో చల్లారిపోయాయి. రెండుసార్లు లేచి గుమ్మం దాకా వెళ్ళింది. రెండుసార్లూ తాళంచెవి ఉందో లేదో తడుముకుని వెనక్కి వచ్చి కూర్చుంది.

గురువారం తొమ్మిదింటికే ఇద్దరూ లైబ్రరీకి చేరారు. సంచి ఇస్త్రీ వదిన భుజాన ఉంది. అద్దాల పెట్టెలు కొత్తగా తుడిచి ఉన్నాయి. ఒక పెట్టెలో పడవ తాళ్ళు కట్టే కొక్కెం, ఒక దాంట్లో ఎవరిదో పిల్లలకు పంపిన బొమ్మ కార్డు. మూడో దాంట్లో ఇత్తడి బిళ్ళ, దాని పక్కన ఏడు ఉత్తరాలు. ఎనిమిదోది మధ్యలో నిలబడి ఉంది. వెనక్కి వెళితే వెనక వైపు కనబడుతుంది. చిన్న దీపం పక్కనుంచి దాని మీద పడుతోంది.

ఇస్త్రీ వదిన అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా వంగింది. "మసగ్గా ఉంది గానీ దర్జాగా ఉంది. మీ అన్నయ్య ఇంత నున్నగా ఎప్పుడూ లేడు." 

"వదినా, ఇటు రా. ఈ వైపుకి." కాజాలమ్మ ఆమె చేయి పట్టుకుని పెట్టె వెనక్కి తీసుకెళ్ళింది. కళ్ళద్దాలు తుడుచుకుంది, పెట్టుకుంది, మళ్ళీ తీసి తుడుచుకుంది. "ఆ రోజు తిప్పని వైపు ఇది. ఇప్పుడు చదువుతాను. నువ్వనుకున్నది ఇందులో లేదు."

"వద్దులే. ఇప్పుడెందుకది?"

"విను." కాజాలమ్మ గొంతు సవరించుకుంది. దర్జీ దుకాణంలో పేపరు ముక్కలు చదువుకున్నట్టు, ఒక్కో మాట మీద వేలు నడిపిస్తూ చదివింది. "'నువ్వు ఇక్కడికి వచ్చెయ్యి. గది తీసుకున్నది నీ కోసమే. ఇక్కడ ఇస్త్రీ చేసేవాళ్ళు తక్కువ, మిల్లు దొరల ఇళ్ళలో నీకు కావలసినంత పని. టికెట్టు నీ పేరు మీద కట్టి మన రేవులో ఓడల ఆఫీసులో ఉంచాను, అడిగితే ఇస్తారు. నవంబరు పదమూడున ఓడ ఎక్కు. ఇరవై ఒకటిన దిగుతావు. నేను రేవులో నీలం చొక్కాతో నిలబడి ఉంటాను. అంత దూరం రావడం నీకు ఇష్టం లేకపోతే రావద్దు, బలవంతం లేదు. నువ్వు దిగకపోతే నాకు అర్థమవుతుంది. మళ్ళీ మళ్ళీ రాసి నిన్ను విసిగించను.'"

అవతల బల్ల దగ్గర లైబ్రరీ అమ్మాయి తల వంచుకుని కాగితాలు సర్దుతోంది, సర్దిన వాటినే.

"ఇంకోసారి చదువు," అంది ఇస్త్రీ వదిన.

కాజాలమ్మ మళ్ళీ చదివింది. ఈసారి నీలం చొక్కా దగ్గర వేలు ఆగింది. అయినా చివరిదాకా చదివింది.

"ఎందుకు?"

"నువ్వు కూడా పోతే ఆ వసారాలో ఇక నేనొక్కదాన్నే. ఆ రోజుకి చదవలేకపోయాను, అంతే. రేపు చదువుదామనుకున్నాను. రేపు కూడా రేపనుకున్నాను. పదమూడో తారీఖు వచ్చేసింది."

"పదమూడున..." ఇస్త్రీ వదిన పొర కమ్మిన కళ్ళతో దీపం వైపు చూస్తూ ఆగింది. "ఆ రోజు పనీ పాటా మానిపించి నన్ను గుట్ట అవతలి సంతకి తీసుకెళ్ళావు. సాయంత్రం దాకా తిప్పావు."

"ఓడ కూత నీకు వినపడకూడదని."

"దువ్వెన కొనిపెట్టావు."

"అవును."

ఇస్త్రీ వదిన సంచి దించింది. బెంచీ మీద పెట్టి, చేత్తో తడుముతూ, శాలువా తప్పించి, దువ్వెన బయటికి తీసింది. దాన్ని అద్దాల పెట్టె మీద పెట్టింది, చప్పుడు కాకుండా. సంచి మూతి బిగించి కట్టింది. ఒక్క మాట తిట్టలేదు. తిట్టడానికి దగ్గరితనం కావాలి. నిన్న వేడి బట్టలు చేతికిచ్చినప్పుడున్న దగ్గరితనం ఆ మొహంలో ఎక్కడా లేదు.

పదింటికి జనం వచ్చారు. రేవు గుమాస్తాలు, బడి పంతులమ్మలు, ఓడలెక్కినవాళ్ళ పిల్లలు, వాళ్ళ పిల్లలు. మూడో పెట్టె దగ్గరే ఎక్కువమంది ఆగారు. నకలు చదివిన ఒక పంతులమ్మ కళ్ళొత్తుకుని, "ఈ ఉత్తరం మీకు రాసిందేనటగా? ఇంత ప్రేమగా పిలిస్తే ఎందుకు వెళ్ళలేదమ్మా?" అని ఇస్త్రీ వదినను అడిగింది.

కాజాలమ్మ రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. కత్తి అంచుల మడతల బట్టల్లో, పదిమందిలో. ఇప్పుడు వేలు తన వైపు తిరుగుతుంది అనుకుంది. తిరగాలనే కోరుకుంది.

"నాకు చదువు రాదమ్మా," అంది ఇస్త్రీ వదిన. అంతకుమించి చెప్పలేదు. పంతులమ్మ "అయ్యో" అని ఆమె చేయి పట్టుకుంది. "అప్పట్లో చదివిపెట్టే దిక్కు కూడా లేదేమో పాపం," అని పక్కావిడతో అంది. ఆ మాట ఇద్దరూ విన్నారు. ఇద్దరూ దిద్దలేదు.

బస్టాండు దాకా కాజాలమ్మ వెనకే నడిచింది. సంచి ఇమ్మని చేయి చాచితే ఇస్త్రీ వదిన రెండో భుజానికి మార్చుకుంది. బస్సు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"తాళంచెవి," అంది. వదినా అనలేదు.

పిన్నీసు ఊడదీయడానికి కాజాలమ్మ వేళ్ళకు చాలాసేపు పట్టింది. గుడ్డ చిరిగింది. తాళంచెవి ఇచ్చి, "కంటికి తువ్వాలు సంచి అడుగున ఉంది," అంది. ఇస్త్రీ వదిన అరచేత్తో కడ్డీ వెతుక్కుని పట్టుకుని ఎక్కింది. కిటికీ పక్కన కూర్చోలేదు. కండక్టరు కాజాలమ్మను గుర్తుపట్టి, "చూశారా, రెండింటికే కదుల్తున్నాం," అన్నాడు.

కోత మిల్లు పనికని ఓడెక్కిన మనిషి తిరిగి రాలేదు. అతను రేవు దాటింది జూన్ రెండున. కంటి ఆపరేషన్‌కని పదిహేను రోజులకు వెళ్ళిన ఇస్త్రీ వదిన కూడా తిరిగి రాలేదు. ఆమె బస్సెక్కింది ఫిబ్రవరి ఇరవై మూడు, గురువారం.